తోక మీది అంకె

చిలకలూరిపేట బస్టాండులో డైరీ రాసుకుంటుంటే పక్కనున్న పెద్దాయన నా చేతినే చూస్తున్నారు. ఆయన ఒళ్లో చెప్పుల పెట్టె, అందులో బూడిదరంగు వేసిన చిన్న యుద్ధవిమానం బొమ్మ ఉన్నాయి.

“నేను నేవీలో విమానాల మెకానిక్‌గా చేశానండి. యుద్ధంలో పోయిన మా పైలట్ గారి చెల్లెలు చీరాలలో ఉంటారు, ఆవిడకిద్దామని ఇది చేశాను. చేతులు వణుకుతున్నాయి. తోక మీద నంబరు మీరు వేసిపెట్టండి మాస్టారూ,” అంటూ సన్నటి కుంచె, నల్లరంగు సీసా, ఆ విమానం పాత ఫొటో ఇచ్చారు.

ఫొటోలో చివరి అంకె చెరిగిపోయింది.

“మూడా, ఎనిమిదా? ఏది వేసినా ఆవిడకేం తెలుస్తుంది లెండి,” అన్నాను.

“ఎనిమిదండి. ఆ రోజు ఆ రెండు నంబర్ల విమానాలనూ నేనే సిద్ధం చేసి పంపాను. మూడున్నది తిరిగొచ్చింది.”

కుంచె ముంచి, చివర ఎనిమిది వేశాను. రంగు ఆరేదాకా ఆయన, చిన్నపిల్లల దెబ్బ మీద ఊదినట్టు, మెల్లగా ఊదుతూ కూర్చున్నారు.