నోట్లో నిప్పు, తోటలో ఎలుగు

అడ్డపొగ అంటే తెలియనివాళ్లకి ముందు అదేమిటో చెప్పాలి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. మా శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఆడవాళ్లు చాలామంది అలాగే తాగేవారు. సముద్రం గాలికి చుట్ట ఆరిపోదు. నుసి చంటిపిల్ల మీద పడదు. చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. నాకు మాత్రం అది రుచికి అలవాటు కాలేదు. భయానికి అలవాటైంది.

ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తాను.

అరవైల చివరి సంవత్సరాలు. కొత్తగా కాపురానికి వచ్చాను. మా అత్తవారిది ఉద్దానం, జీడితోటలు. ఎండలు ముదిరితే జీడిపళ్లు రాలతాయి. తెల్లవారగానే మా అత్తా నేనూ బుట్టలు పట్టుకుని వెళ్లి పళ్లు ఏరి, పిక్కలు తిప్పి తీసేవాళ్లం. కింద పడిన పళ్లు పులిసి తోటంతా మత్తు వాసన. ఆ వాసనకి ఎలుగుబంట్లు కూడా వస్తాయి.

ఆ రోజు వంగి ఏరుతున్నాను. బుస్సుమని ఊపిరి వినిపిస్తే మా అత్తే అనుకున్నాను. తలెత్తితే చెట్టు అవతల నల్లగా ఎలుగు. మూతికి పండు గుజ్జు అంటుకుని ఉంది. మెల్లగా మా అత్త పక్కకి జరిగాను. మా అత్త నోట్లో అడ్డపొగ ఉంది. ఆవిడ కదలకుండా నిలబడి పొగ వదిలింది. ఎలుగు కాసేపు చూసి, తిరిగి పొదల్లోకి వెళ్లిపోయింది.

నేను కూలబడ్డాను. మా అత్త తన చుట్ట తీసి నా నోటి దగ్గర పెట్టింది.

"పీల్సు. జడుసుకోకే. పొగకి ఎల్లిపోనాది, సూసినావా? నోట్లో నిప్పున్న ఆడదాని జోలికి ఏదీ రాదు."

"ఓలత్తా, నోరు కాలిపోతాది!"

"కాలితే నీ నోరు తగ్గుతాది, నా కొడుకు సుకపడతాడు. పీల్సు!"

పీల్చాను. దగ్గు వచ్చింది, కళ్లు తిరిగాయి. కానీ వణుకు తగ్గింది. ఆ తగ్గడమే నన్ను పట్టుకుంది.

ఎలుగు నాకు మళ్లీ కనబడలేదు. భయం మాత్రం ఇంటికి కూడా వచ్చేసింది. వసారాలో పళ్ల బుట్ట పెడితే చాలు, గుండె దడ. సంతలో ఎవరైనా జీడిపళ్లు పోసుకుని కూర్చుంటే, అంతమంది జనంలోనూ నా వెనక బుస్సుమని ఊపిరి వినిపించేది. వెంటనే రొంటిన దోపుకున్న చుట్ట తీసేదాన్ని. రానురాను వాసన లేకపోయినా, వస్తుందేమో అన్న దిగులుకే వెలిగించేదాన్ని. చుట్ట అయిపోతుందేమో అని ఇంకో దిగులు.

"తోటలోకి ఎలుగు ఒక్క పాలే వచ్చినాది. నీ బుర్రలోకి రోజూ వస్తన్నాది గదే," అని మా ఆయన నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

అలా కొన్నేళ్లు గడిచాక, జీడి పూత మీదున్నప్పుడు, పట్నం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లని బడి అరుగు మీద కూర్చోబెట్టి, టార్చిలైటు వేసి నోళ్లు చూసింది. నా అంగిలి మీద లైటు చాలాసేపు ఉంచింది.

"ఎప్పటినుంచి తాగుతున్నావమ్మా?"

"ఎలుగొచ్చినకాడి నుంచి."

ఆవిడకి అర్థం కాలేదు. "లోపల తెల్లగా, మందంగా అయిపోయింది. ఇప్పుడు ఆపేస్తే తగ్గవచ్చు. ఆపకపోతే రాచపుండు, అదే క్యాన్సర్, అవుతుంది."

రాచపుండు అంటే నాకు తెలుసు. మా వీధిలో ఒకావిడ దానితోనే గంజి కూడా మింగలేక చనిపోయింది. ఇంటికి వస్తుంటే దారిలోనే నా చేయి రొంటికి వెళ్లింది. చుట్ట వల్ల చచ్చిపోతానని భయం. ఆ భయానికీ చుట్టే కావాలి.

ఇంట్లో ఎలాగో ఓర్చుకున్నాను. వేయించిన చింతపిక్కలు నములుతూ రోజులు గడిపాను. తోట మిగిలింది. పళ్లు రాలడం మొదలైంది, వెళ్లక తప్పదు.

ఆ పొద్దున చుట్ట లేకుండా బయలుదేరాను. తోట అంచుకి చేరేసరికే వాసన కొట్టింది. చేయి రొంటికి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. ఊపిరి అందలేదు.

"అత్తా, ఒక్క దమ్ము. నీకు దండం ఎడతాను."

ఆవిడ నోట్లోంచి చుట్ట తీసి నా వైపు చాచింది. మళ్లీ ఏమనుకుందో, ఇసకలో గుచ్చి ఆర్పేసింది.

"ఒలే, ఒక మాట సెప్తాను. ఆ దినం ఎలుగు పొగకి ఎల్లలేదు. దానికి కడుపు నిండిపోనాది, ఎల్లిపోనాది. నాకూ కాళ్లు వణికిపోనాయి. నువ్వు జడిసి సచ్చిపోతావని అలగ సెప్పినాను."

"మరి పొగ?"

"పొగ మనకే. ఎలుగుకేటి లెక్క?"

నిజం తెలిసింది. గుండె దడ మాత్రం ఆగలేదు. తలకి అర్థమైంది, ఒంటికి కాలేదు.

అదెందుకో ఈమధ్య నా బీపీ చూసే డాక్టరు చెప్పాడు. తల లోపల చెరో పక్కా బాదంగింజంత ముక్క ఉంటుందట. పేరు అమిగ్డాలా. మనల్ని జడిపించిన వాసనని, చప్పుడుని అది మరవనివ్వదట. మనం ఆలోచించే లోపే గుండెని పరుగెత్తిస్తుందట. ఏం చేస్తే దడ తగ్గిందో కూడా గుర్తుంచుకుని, మళ్లీ మళ్లీ అదే తెమ్మంటుందట. మా తోటల్లో బాదం లేదు. జీడిపప్పంత అనుకున్నాను.

అప్పుడు ఇవేమీ తెలియవు. మా అత్త కింద నుంచి ఒక పండు తీసి, పిక్క తిప్పేసి, నా చేతిలో పెట్టింది.

"నోటికి ఏదో ఒకటి ఉండాలి కదేటి. ఇది నవులు."

ఏ పండు వాసనకి చచ్చిపోతున్నానో అదే నోట్లో పెట్టుకోమంటోంది. చెట్టుకి వీపు ఆనించి, పొదల వైపే చూస్తూ కొరికాను. రసం మోచేతి దాకా కారింది. గొంతు వగరుకి పట్టేసింది. దడదడలాడుతూనే నమిలాను. పొదల్లో ఆకు కదిలితే నమలడం ఆపేసేదాన్ని. గాలే. మళ్లీ నమిలేదాన్ని. పొద్దెక్కింది. ఏమీ రాలేదు. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, చూసుకునేసరికి నా చేతులు పళ్లు ఏరుతున్నాయి. తోటలో ఉన్నంతసేపూ మా అత్త కూడా చుట్ట వెలిగించలేదు.

మళ్లీ నేను ముట్టలేదు. డాక్టరమ్మ తర్వాత వచ్చినప్పుడు చూసి, తెలుపు తగ్గింది అంది.

భయం పోలేదు. ఎండాకాలం సంతలో ఆ వాసన తగిలితే ఇప్పటికీ చేయి రొంటికి వెళ్తుంది. అప్పుడు ఒక పండు కొనుక్కుని, అక్కడే నిలబడి తింటాను. కొరికే ముందు ఒకసారి వెనక్కి చూసుకుంటాను.