మూసిన తూము

నా చిన్నప్పుడు మా మట్టిమిద్దెకు పిట్టగోడ ఉండేది కాదు. గురజాల దగ్గర పల్లె మాది. దూలాల మీద నాపరాళ్ళు పరిచి, వాటి మీద చౌడుమట్టి పోసి తొక్కిన మిద్దె. వాన పడితే నీళ్ళు ఎటు వాలు ఉంటే అటు జారిపోయేవి.

వారం రోజులుగా ఆ మిద్దే మనసులో మెదులుతోంది. మా అమ్మాయీ అల్లుడూ హిమాచల్ కొండల్లో ఉద్యోగాలు చేస్తూ అక్కడే ఇల్లు కట్టుకుంటున్నారు. చుట్టుపక్కల అన్నీ వాలుకప్పు ఇళ్ళే. వీళ్ళు మాత్రం కొత్త తరహాగా చదును స్లాబు వేయించారు. ఫోన్‌లో చూపించింది. చుట్టూ పిట్టగోడ లేస్తోంది. నీళ్ళు పోవడానికి రోడ్డు వైపు ఒకే ఒక తూము. "రెండో వైపు పక్కాయన ఒప్పుకోలేదమ్మా, తన ఆపిల్ చెట్ల మీద పడతాయంట" అంది.

నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు.

సర్పంచి ఎన్నికలైన ఏడాది ఆయన మా మిద్దెకు పిట్టగోడ కట్టించాడు. అవతలి పార్టీ పెద్దమనిషి ఇంటికి ఉంది, మనకూ ఉండాలని. వీధి వైపు ఒక తూము, పక్కింటి వాకిలి వైపు ఒకటి పెట్టించాడు. పక్కింటివాళ్ళదీ అవతలి పార్టీయే. "మీ నీళ్ళు మా వాకిట్లో ఏంది?" అన్నారు వాళ్ళ మగవాళ్ళు. ఆ సాయంత్రమే పెదనాన్న ఇటుకా సున్నంతో ఆ తూము మూయించేశాడు. "వాళ్ళ వాకిలి మన నీళ్ళక్కూడా వద్దు" అన్నాడు.

ఆ ఏడు తుఫాను వాన పట్టింది. మా మగవాళ్ళు మాచర్ల వెళ్ళి, వాగు పొంగడంతో అక్కడే చిక్కుకుపోయారు. నానమ్మ తుంటి విరిగి నడిమింట్లో మంచం మీద ఉంది. మిద్దె మీది చౌడు కొట్టుకొచ్చి వీధి తూముకు అడ్డం పడింది. నీళ్ళు పోయే దారి లేక పైనే నిలిచిపోయాయి. ముందు బురదచుక్కలు రాలాయి. తర్వాత నానమ్మ మంచానికి సరిగ్గా పైనున్న దూలం కిర్రుమంది. అమ్మా నేనూ మంచం లాగబోతే అది గడపలో పట్టేసింది. "మీరు పోండే, నన్నొదిలెయ్యండి" అంటోంది నానమ్మ. అమ్మ కదల్లేదు.

అంతలో పైన దబదబమని చప్పుడు. కూలిపోతోందనే అనుకున్నాను. బయటికి ఉరికి చూస్తే, పక్కింటి పెద్దమ్మ! తన వాకిట్లోంచి నిచ్చెన వేసుకుని, చెంగు నడుముకు చుట్టి, మూసిన తూమును గునపంతో పొడుస్తోంది. ఇటుకలు ఊడిపడి బురదనీళ్ళు ధారగా ఆమె వాకిట్లోకే దూకాయి. ఆమె రోజూ అలికి ముగ్గు పెట్టుకునే మట్టిపొయ్యి చూస్తుండగానే కరిగిపోయింది. మా దూలం మళ్ళీ చప్పుడు చేయలేదు.

"ఇంత వానకి మీ మిద్దె మీంచి చుక్క కింద పడలేదేందే అని అనుమానమొచ్చింది" అంది అమ్మతో, తల తుడుచుకుంటూ.

మర్నాడు పెదనాన్న రాగానే, "నా గోడ పగలగొట్టింది ఎవరు?" అని అరిచాడు.

"నేనేరా" అంది పక్కింటి పెద్దమ్మ తన వాకిట్లోంచి. "నీకు మీ అమ్మ కావాలా, గోడ కావాలా? నీళ్ళకి పార్టీ ఏందిరా!"

పెదనాన్న తల దించుకుని లోపలికి పోయాడు. ఆ తూము మళ్ళీ మూయలేదు. రెండిళ్ళ మగవాళ్ళ మధ్య మాటలు కలవడానికి మాత్రం చానా ఏళ్ళు పట్టింది.

మొన్న మా అమ్మాయిని అడిగాను, ఆ ఒక్క తూమూ మంచుతో గడ్డకట్టుకుపోతే ఏం చేస్తారని. "మంచు బరువుకు సరిపడా ఇనుము వేశారమ్మా" అంది.

"బరువు సంగతి సరే. అది కరిగి ఎటు పోద్ది?"

పక్కాయన దగ్గరకు మళ్ళీ వెళ్ళి రెండో తూముకు ఒప్పించమన్నాను. ఆయనతో మాటల్లేవంది.

ఇప్పటికీ ఎవరి గృహప్రవేశానికి వెళ్ళినా అందరూ గదులు చూస్తుంటే నేను డాబా ఎక్కి తూములు చూస్తాను. అవి ఎవరి వాకిలి వైపు ఉన్నాయో, ఆ వాకిలివాళ్ళతో వీళ్ళకు మాటలున్నాయో లేదో అడుగుతాను. మా అమ్మాయి డాబా నేను ఎక్కలేనంత దూరంలో ఉంది. అక్కడ త్వరలో మంచు పడుతుందంటున్నారు. రోజూ ఫోన్ చేసి ఒక్కటే అడుగుతున్నాను: పక్కింటి తలుపు కొట్టావా అని.