మూడు వేళ్ళ వెడల్పు కాగితం

మా నాన్న రాజమండ్రిలో మెయిన్ రోడ్డు పక్క సందులో ఒక చిన్న ప్రెస్సులో బైండరు. శుభలేఖలు, రసీదు పుస్తకాలు, ప్రార్థన కూడికల కరపత్రాలు అచ్చయ్యే చోటది. అచ్చయిన కాగితాలను కటింగ్ మిషన్ కింద పెట్టి సమం చేసినప్పుడు పక్కకు పడే ముక్కల్ని ఓనరు గారు నాన్ననే పట్టుకెళ్ళమనేవారు. అవి చాలావరకు మూడు వేళ్ళ వెడల్పు, జానెడున్నర పొడవు ఉండేవి. నాన్న సాయంత్రం సైకిలు క్యారేజీ మీద ఆ కట్ట పెట్టుకొచ్చేవాడు. అమ్మ వాటిని అంచులు కలిపి సర్ది, ఒక అట్ట ముక్క పెట్టి, దబ్బనంతో కుట్టేది. అవే మా నోటుపుస్తకాలు. పెళ్ళిళ్ళ రోజుల్లో గులాబీ రంగువి, పసుపువి వచ్చేవి. క్యాలెండర్ల పని నడిచేటప్పుడు నున్నటి తెల్లవి వచ్చేవి కానీ వాటి మీద ఇంకు ఓ పట్టాన ఆరేది కాదు.

నేను బడికి వెళ్ళింది రెండో తరగతి వరకే. ఉబ్బసంతో ఆ ఏడాది సగం రోజులు మంచం మీదే ఉన్నాను. అమ్మ టీచర్ ట్రైనింగ్ చేసిన మనిషి. పెళ్ళికి ముందు ఒక ప్రైవేటు స్కూల్లో కొన్నాళ్ళు పాఠాలు చెప్పింది. మంచం పక్కన కూర్చుని నాకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. నాకు నయమయ్యాక కూడా మానలేదు. నా తర్వాత ఇద్దరు చెల్లెళ్ళు. వాళ్ళు అసలు బడి గడపే తొక్కలేదు. ఎవరైనా అడిగితే అమ్మ ఒకటే చెప్పేది. "దేవుడు వీళ్ళని నా చేతికిచ్చాడండి. చేతనైనంత వరకూ నేనే చెప్తాను." ఆ మాట గొప్పకు అనేది కాదు, వంతు వచ్చిన పని చేసుకుంటున్నట్టుగా అనేది.

పొద్దున్నే కుటుంబ ప్రార్థన. ఒక పాట, బైబిల్లో ఒక అధ్యాయం. చదివేది మేమే కాబట్టి తెలుగు పాఠం అక్కడే మొదలైపోయేది. తర్వాత నాన్న సైకిలెక్కేవాడు, అమ్మ ఎసరు పెట్టేది, మేము ధవళేశ్వరం రోడ్డులోని మా అద్దింటి వంటింటి అరుగు మీద వరసగా కూర్చునేవాళ్ళం. లెక్క తప్పితే అమ్మ మార్కులు తగ్గించేది కాదు, మళ్ళీ చేయించేది. సరిగ్గా వచ్చేదాకా చేయించేది. కానీ కాగితం మాత్రం వృథా చేయనిచ్చేది కాదు. మార్జిన్ అనే మాట మా ఇంట్లో వినబడలేదు. ముక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా, పైనుంచి కింది దాకా, వెనకా ముందూ నిండాలి. "ఐదు వేల మందికి కడుపునిండా పెట్టిన యేసయ్య కూడా మిగిలిన ముక్కలు పారెయ్యనివ్వలేదు" అనేది. మా అక్షరాలు చీమలంతే ఉండేవి. అది మాకు గొప్పగా ఉండేది. మొత్తం నీటి చక్రాన్ని బొమ్మతో సహా ఒక్క గులాబీ ముక్క మీద పట్టించగలిగేదాన్ని నేను.

తొంభైల చివర్లో నా టెన్త్ వచ్చింది. ప్రైవేటుగా కట్టాం. అప్పుడే సామర్లకోట నుంచి మా అత్త దిగింది. నాన్నకు అక్క, రిటైరైన హెడ్మాస్టరమ్మ. ఎన్నో ఏళ్ళు టెన్త్ పేపర్లు దిద్దిన మనిషి. అమ్మంటే అత్తకు ఇష్టమే, అమ్మ చేసే పనే ఇష్టం లేదు. వస్తూనే హ్యాండ్‌బ్యాగులోంచి రెండు కాగితాలు తీసి నాన్న ముందు పెట్టింది. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ అప్లికేషన్లు.

"ఒరేయ్ తమ్ముడూ, ఎనిమిదేళ్ళు మీ ఆవిడ మాట విన్నావ్. ఇప్పుడు నా మాట విను. పెద్దది పాసైతే నేనింక నోరెత్తను. తప్పిందనుకో, జూన్‌లో చిన్నపిల్లలిద్దరినీ తీసుకెళ్ళి హాస్టల్లో వేసేస్తా. బళ్ళో చదువుకుంటారు. ఏమ్మా మరదలా, సరేనా?"

చెల్లెళ్ళిద్దరూ అమ్మ చీర కొంగు చాటున నిలబడ్డారు. చిన్నదానికి ఎనిమిదేళ్ళు, ఇంకా అమ్మ పక్కలోనే పడుకునేది.

"సరే వదినగారండి. మీరన్నది న్యాయమే" అంది అమ్మ.

నాకు భయం వేయలేదంటే నమ్మాలి. పుస్తకాలన్నీ నోటికి వచ్చు. నా చెల్లెళ్ళు ఇంట్లో ఉండాలంటే నేను పాసవ్వాలి, అవుతాను, అంతే అనుకున్నాను.

మొదటి రోజు తెలుగు మొదటి పేపరు. ఒక హైస్కూల్లో సెంటరు. రెండో తరగతి తర్వాత బెంచీ మీద కూర్చోవడం అదే. కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని ప్రశ్నపత్రం చూశాను. అన్నీ తెలిసినవే. జవాబు కాగితం మీద చెయ్యి పెట్టాను. అక్కడ ఆగిపోయింది. ఎంత వెడల్పు ఉందో ఆ కాగితం! ఒక వాక్యం మొదలుపెడితే అవతలి గట్టుకు చేరేలోపు లైను కిందికి జారిపోతోంది. నా చేతికి మూడు వేళ్ళ దూరమే తెలుసు, ఆ తర్వాత తిరిగి వచ్చేయడమే అలవాటు. కాసేపు ఆలోచించి, స్కేలు తీసి, పేజీ మీద నిలువుగా గీతలు కొట్టాను. పేజీ నాలుగు సన్న ముక్కలైంది. ప్రాణం కుదుటపడింది. ఒక్కో ముక్కనూ పైనుంచి కిందికి నింపుకుంటూ పోయాను.

ఇన్విజిలేటరుగా వచ్చిన మేడమ్ నా పక్కన ఆగింది. వంగి చూసింది.

"ఏంటమ్మా ఇది? పేపర్లో చిన్న ప్రకటనల్లా ఉంది?"

"జవాబులేనండి."

"అడిషనల్ షీటు కావాలా?"

"వద్దండి. ఇంకా చోటుంది."

ఆవిడ ఏదో అనబోయి, అలా అనకూడదని గుర్తొచ్చినట్టుగా ముందుకు వెళ్ళిపోయింది. చుట్టూ పిల్లలు అడిషనల్స్ మీద అడిషనల్స్ తీసుకుని దారాలతో కడుతున్నారు. పాపం, వీళ్ళకి సర్దుకోవడం ఎవరూ నేర్పలేదనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది.

"ఎన్ని అడిషనల్స్ కట్టావే?"

"ఒక్కటి కూడా అక్కర్లేకపోయిందత్తా. మెయిన్ షీటులోనే సరిపెట్టేశాను. ఇంకా అర పేజీ మిగిలింది."

"సరిపెట్టేశావా? అదేమన్నా కూరా సరిపెట్టడానికి? ఎలా రాశావో చూపించు."

నాన్న తెచ్చిన ముక్క ఒకటి తీసి చూపించాను. ఇలాంటివి నాలుగు పక్కపక్కన అన్నట్టుగా వేళ్ళతో కొలిచాను. అత్త కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆ ముక్కను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. తర్వాత మంచం మీద కూలబడింది.

"నేనూ దిద్దాను కదే ఇన్నేళ్ళు. మధ్యాహ్నం అయ్యేసరికి మాకు కళ్ళు మసకలొచ్చేస్తాయి. ఇలాంటిది ముందుకొస్తే ఏ మాస్టారు చదువుతాడు? నీకోసం భూతద్దం కొనుక్కుంటాడా? ప్రశ్న నంబరెక్కడో వెతుక్కోడానికే పావుగంట పడుతుంది. సగం జవాబులు లేవనుకుని సున్నాలు చుట్టేస్తాడు."

తెలుగు నాకు బాగా వచ్చిన సబ్జెక్టు. అది తప్పితే పరీక్షే తప్పినట్టు. చిన్న చెల్లి నా మొహం చూసి ఏడుపు అందుకుంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. స్టవ్ ఆర్పేసి వచ్చింది.

"తప్పు దానిది కాదు వదినగారండి. నేను నేర్పినట్టే రాసింది. పాఠం చెప్పాను గానీ, దాన్ని బయటివాళ్ళు చదవాలన్న సంగతే నాకు తట్టలేదు. ఇన్నేళ్ళూ దాని రాత చదివింది నేనొక్కదాన్నే కదా."

అత్త దగ్గర ఇంకా చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. వాటిని మింగేసింది. అమ్మ మా ముగ్గురినీ పక్కన కూర్చోబెట్టుకుని రెండు మాటల్లో ప్రార్థన చేసింది. రాసేసిన పేపరు మార్చమని దేవుణ్ణి అడగలేదు. "ఇప్పుడేం చెయ్యాలో చూపించు తండ్రీ" అంది. లేచి చెప్పులేసుకుని ఎండలోనే ప్రెస్సుకు వెళ్ళింది. గంటకల్లా ఒక దస్తా తెల్ల కాగితం చంకలో పెట్టుకుని తిరిగొచ్చింది. నిండు కాగితాలు, ఎక్కడా కోతపడనివి.

"ఇదంతా సాయంత్రం దీపాలు పెట్టేలోపు అయిపోవాలి" అని నా ముందు పెట్టింది. కాగితం అయిపోవాలనే మాట అమ్మ నోట ఎప్పుడూ వినలేదు.

అత్త కొంగు నడుముకు చుట్టి నా ఎదురుగా కూర్చుంది. "ముందు ఇక్కడ మడత పెట్టు. ఇది మార్జిన్. ఇందులో నంబరు తప్ప ఏమీ రాయకూడదు. ఊఁ, ఇప్పుడు రాయి. పెద్దగా రాయవే! కందిగింజంత ఉండాలి అక్షరం. లైను వదిలేయ్. జవాబు అయిపోయిందా? కింద గీత కొట్టు. ఇంకో ప్రశ్న వేరే పేజీలో."

"ఇంత ఖాళీ ఉండగానా అత్తా?"

"ఉంటే ఉండనీ. అది దిద్దేవాడు ఊపిరి తీసుకోడానికి."

చెయ్యి మాట వింటేనా! మూడు వేళ్ళు దాటగానే కిందికి దిగిపోయేది. అమ్మ నా మణికట్టు పట్టుకుని, అక్షరాభ్యాసం చేయించినట్టుగా, అటు చివర దాకా నడిపించింది. పెద్ద చెల్లి తట్టుకోలేక, "అక్కా, అంత చోటు వదిలేస్తున్నావేంటే, నాకివ్వు నేను ఎక్కాలు రాసుకుంటా" అని కాగితం లాక్కోబోయింది. అత్త ఫక్కున నవ్వింది. మా ఇంట్లో అత్త నవ్వడం అదే నాకు బాగా గుర్తు. ఆ సాయంత్రం అమ్మ ప్రశ్నలడిగింది, అత్త రాత దిద్దింది. ఒకరికి తెలిసింది ఒకరికి తెలియదని ఇద్దరూ ఒప్పుకున్నట్టే కూర్చున్నారు, పైకి మాత్రం ఎవరూ అనలేదు.

మర్నాడు రెండో పేపరు. మడత పెట్టాను, పెద్దగా రాశాను, లైన్లు వదిలాను. మెయిన్ షీటు చూస్తుండగానే అయిపోయింది. ఇప్పుడు లేచి అడగాలి. అన్నిటికన్నా కష్టమైంది అదే. మళ్ళీ వడ్డించమని అడగడం మా ఇంట్లో లేదు. గిన్నెలో ఎంతుందో అందరికీ తెలుసు కనుక ఎవరూ అడగరు. పెన్ను మూత పెట్టాను, తీశాను. చివరికి లేచి నిలబడ్డాను.

నిన్నటి మేడమే ఉంది. "ఏంటి, ఇవాళ చోటు సరిపోలేదా?" అంది నవ్వుతూ.

"సరిపోలేదండి."

ఒకటి ఇచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు లేచాను. ప్రతిసారీ ఇచ్చింది. ఎందుకింత అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినవాళ్ళకు ఇవ్వడానికే ఆమె చేతిలో ఆ కట్ట ఉంది. పొదుపు నాకు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది, ఇప్పటికీ దాన్ని వదులుకోలేదు. కానీ ఇచ్చేవాళ్ళ చెయ్యి చాచి ఉన్నప్పుడు వద్దనడం పొదుపు కాదని ఆ బెంచీ దగ్గర నిలబడి తెలుసుకున్నాను. ప్రార్థనలో నేను అడిగే తీరు కూడా ఆ రోజు నుంచి కొంచెం మారింది.

మిగతా పేపర్లన్నీ అలాగే రాశాను. అయినా మొదటి పేపరు బెంగ పోలేదు. తెలుగు రెండు పేపర్లూ కలిపి ముప్ఫై అయిదు రావాలి. వేసవంతా అత్త సామర్లకోటలోనూ, అప్లికేషన్లు మా ఇంటి బీరువా మీదా ఉన్నాయి. నాన్న వాటిని నింపనూ లేదు, పక్కన పడెయ్యనూ లేదు. చిన్నది రోజూ వాటి కేసి చూసుకుంటూ వెళ్ళేది.

ఫలితాల రోజు అత్త పొద్దున్న పాసింజరుకే వచ్చేసింది, స్టేషన్‌లో కొన్న పేపరు చేత్తో పట్టుకుని. బండిలోనే చూసేసి ఉంటుంది, చెప్పలేదు. నాన్న చేతికిచ్చి "నువ్వే చూడరా" అంది. నాన్న వేలు అంకెల మీద జరుగుతూ జరుగుతూ ఆగింది. నా నంబరు ఉంది. ఫస్ట్ క్లాసు వరసలోనే ఉంది. అమ్మ గోడకానుకుని కూర్చుండిపోయింది. తర్వాత మార్కుల జాబితా వచ్చినప్పుడు చూస్తే అన్నిటికన్నా తక్కువ తెలుగులోనే. పాసు గీతకు పైన కొద్ది దూరంలో ఉంది. ఆ మొదటి పేపరు దిద్దిన మాస్టారెవరో ఇప్పటికీ తెలియదు. ఆయన ఓపిక పట్టి కొన్నయినా చదివారు. ఆయన కళ్ళ కోసం చాన్నాళ్ళు ప్రార్థన చేసుకున్నాను.

"సరే, ఆ రెండు సీట్లూ ఇంకెవరికైనా చెప్పేస్తాలే" అంది అత్త, చెప్పులు విప్పుకుంటూ.

అమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "వదినగారండి, మీరు ఆ రోజు అడక్కపోతే ఇది మిగతా పేపర్లూ అలాగే రాసేసేది. నాకు పాఠం చెప్పడం వచ్చు, పరీక్ష పెట్టడం రాదు. ఏడాదికి రెండుసార్లు మీరొచ్చి చిన్నవాళ్ళకి పరీక్ష పెట్టండి."

"నేను హాస్టల్లో వేద్దామని వస్తే, నాకే ఉద్యోగం ఇస్తున్నావా? జీతమేంటి?"

"అంత ఖరీదు పెట్టి పులస కొనడం నావల్ల కాదు గానీ, మామూలు చేపల పులుసు పెడతాను."

"చింతపండు తగ్గించి పెట్టు, వస్తా."

చిన్నది అప్పుడే ధైర్యం చేసి ముందుకొచ్చింది. "అత్తా, తప్పు రాస్తే అమ్మలాగా మళ్ళీ రాయనిస్తావా?"

"ఇవ్వను. మార్కులు కోసేస్తా."

చిన్నది ఒక్క క్షణం ఆలోచించి, "సరే, కోసుకో" అంది.

అత్త మాట తప్పలేదు. చెల్లెళ్ళిద్దరి టెన్త్ అయ్యేదాకా, మోకాళ్ళ నొప్పులతో కూడా, ఏడాదికి రెండుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా అమ్మతో వాదన పెట్టుకునేది, బళ్ళో వేస్తే ఎంత బాగుండేదో చెప్పేది, ప్రశ్నపత్రం మాత్రం ముందు రోజే తయారు చేసుకుని తెచ్చేది. మా చదువుకు ఎదురు నిలబడ్డ మనిషినే దేవుడు మా చదువుకు కాపలా పెట్టాడని నేను నమ్ముతాను. ఆ జూన్‌లో ఊళ్ళో బళ్ళు తెరిచిన రోజున, చెల్లెళ్ళిద్దరూ మామూలుగానే మా వంటింటి అరుగు మీద కూర్చుని పాఠం అప్పజెప్పారు.