పాలు తాగి పడుకుంది

పసిపిల్లల్ని చూసుకునే ఆ రెండు గదుల ఇంట్లో ఆమెను అందరూ కబుర్ల పెద్దమ్మ అనేవారు. సాయంత్రం తల్లిదండ్రులు వచ్చేసరికి ప్రతి బిడ్డ గురించీ ఒక కొత్త కథ సిద్ధంగా ఉండేది. "మీవాడు ఇవాళ పిల్లికి లెక్కలు నేర్పాడమ్మా! అది తప్పు చెబితే చెవి మెలేశాడు" అనేది. వాడికింకా మాటలే రావు. అయినా ఆ తల్లి మురిసిపోయేది. రోజంతా చాకిరీ చేసి డస్సిపోయి వచ్చినవాళ్లకి తీపి కబురు చెబితే ఏం పోయిందని పెద్దమ్మ అనుకునేది.

ఫోనులోనూ అంతే. పాలు పట్టే వేళకి అది ఆగకుండా మోగేది. ఒళ్లో ఒకడు, చంకలో ఒకతె, చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతలివాళ్లు అడగడం పూర్తవకముందే "తాగింది నాన్నా, పడుకుంది" అనేసేది. తల తిప్పి చూసే తీరికెక్కడిది?

బ్యాంకు గుమాస్తా ఫోన్ చేసిన ఆ రోజూ అదే అంది. అతను కూతుర్ని పెద్దమ్మ దగ్గర దింపడం మరిచి నేరుగా బ్యాంకుకు వెళ్లిపోయాడు. పాప కారు వెనక సీట్లోనే నిద్రపోయింది. కారు మండుటెండలో ఉంది. సాయంత్రం తలుపు తీసేసరికి పాపలో ప్రాణం లేదు.

ఫోనులో ఏం మాట్లాడాడని పోలీసులు వచ్చి అడిగారు. "రేపు సెలవా అని అడిగాడు బాబూ. పాప ఊసే ఎత్తలేదు" అంది పెద్దమ్మ. ఇన్నేళ్లలో ఆమె అల్లిన అతి చిన్న కథ అదే.

ఇక టీవీలో, బస్సులో, ఎక్కడ చూసినా ఒకటే వాదన, తండ్రి మర్చిపోయాడా, కావాలనే వదిలేశాడా అని. పెద్దమ్మ వెళ్లిన కూరగాయల కొట్టు దగ్గరా అంతే.

"కళ్లజోడు మర్చిపోతాం. కన్నకూతుర్ని మర్చిపోతామా?" అన్నాడు కొట్టువాడు.

"మొన్న పొయ్యి ఆర్పడం మర్చిపోయి ఇల్లు తగలెట్టబోయావు కదయ్యా!" అంది ఒకావిడ.

"పొయ్యికీ పిల్లకీ పోలికా? పెద్దమ్మా, నువ్వే చెప్పు. ఫోనులో పాప గురించి అడిగాడా?"

అందరూ ఆమె వైపు తిరిగారు.

"లేదు."

"చూశారా! కావాలనే చేశాడు."

పెద్దమ్మ గబగబా నడిచింది. "సంచి మర్చిపోయావు పెద్దమ్మా!" అని వెనక నుంచి నవ్వులు.

మర్నాడు పాప తల్లి వచ్చింది, చిన్న దిండూ దుప్పటీ తీసుకుపోదామని. అప్పుడే ఫోను మోగింది. పిల్లాడు పాలు తాగాడా అని ఎవరో తల్లి. పెద్దమ్మ పెదవుల మీదికి పాత మాటే వచ్చింది. ఎదురుగా దిండు పట్టుకుని ఆమె నిలబడి ఉంది. పెద్దమ్మ ఫోను బల్లమీద పెట్టి, లోపలికి వెళ్లి, వంగి చూసి వచ్చింది. "ఇంకా తాగలేదమ్మా. సీసా నిండుగానే ఉంది."

"ఎప్పుడూ ఇలా చూసే చెబుతారా పెద్దమ్మా?" అంది పాప తల్లి.

పెద్దమ్మ తల ఎత్తలేకపోయింది. "లేదమ్మా. మీ ఆయన అడిగాడు. పాలు తాగిందా అనే అడిగాడు. తాగి పడుకుందన్నాను."

ఆమె దిండును గుండెకు అదుముకుంది. "పాప రాలేదని చెప్పుంటే... అప్పటికింకా..."

ఈ ఒక్కదానికి మాత్రం పెద్దమ్మ దగ్గర కథ లేదు. "బతికేదేమో తల్లీ" అంది.

పిల్లల్ని తన కోడలికి అప్పగించి, పాప తల్లి వెనకే పోలీస్ స్టేషనుకు బయల్దేరింది. దారిలో కొట్టువాడు సంచి పైకెత్తి చూపించాడు. "ఏం పెద్దమ్మా, ఇవాళేం కబుర్లు?"

పెద్దమ్మ ఆగింది. సంచి అందుకోలేదు.

"ఆ పాప నాన్న అడిగాడు. నేనే అబద్ధం చెప్పాను" అంది, అందరికీ వినపడేలా.