మౌలాలి యార్డులో ఆగిన మిలిటరీ రైలు

నాచారంలో మేము అద్దెకున్న ఇంటికి రెండు వాటాలు. ముందు వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉండేవారు. ఆయన పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వెనక వాటాలో నేనూ, మూడేళ్ల మా పాపా. మా ఆయన మిలిటరీలో లారీ డ్రైవరు. జవాన్లనూ, రేషన్‌నూ, మందుగుండునూ ఉన్నచోటి నుంచి కావలసిన చోటికి చేర్చడమే వాళ్ల యూనిట్ పని. ఏడాదికొకసారి సెలవు మీద వచ్చేవాడు.

సాయంత్రం ఫ్యాక్టరీ సైరన్ మోగిన కాసేపటికి గేటు బయట స్కూటర్ హారన్ వినిపించేది. పాప నా చేయి విడిపించుకుని పరుగెత్తేది. ముందు వాటా అన్న దాన్ని స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని గల్లీ చివరిదాకా తిప్పి తెచ్చేవాడు. ఆ తర్వాత వాళ్లింట్లో గొడవ మొదలయ్యేది. కూరలో ఉప్పెక్కువైందని ఆయన, నీ నోరే బాగాలేదని అక్క. గోడకు ఇవతల బియ్యం ఏరుకుంటూ అంతా వినేదాన్ని. ఆ గొడవ విన్నా నాకు కుళ్లుగానే ఉండేది. ఉప్పు గురించి పోట్లాడటానికైనా మనిషి ఇంట్లో ఉండాలి కదా.

పార్లమెంటు మీద దాడి జరిగిన చలికాలం అది. మా ఆయన రావలసిన సెలవు రద్దయింది. సైన్యమంతా పడమటి సరిహద్దుకు కదులుతోందని, ఏ క్షణమైనా యుద్ధం రావచ్చని టీవీలో చెబుతుండేవారు. ఆయన యూనిట్ కూడా కదులుతుందని తెలుసు. ఎప్పుడో, ఎటో తెలియదు. మాకు ఫోను లేదు. చేస్తే ముందు వాటా ఫోనుకే చేసేవాడు.

ఒక ఉదయం నల్లా దగ్గర బిందెలు పట్టుకుంటున్నప్పుడు ఆ ఫోను మోగింది. నేను లోపలికి వెళ్లేసరికి అక్క రిసీవర్ పెట్టేసింది.

"మీ ఆయనేనమ్మా. నిన్ను పిలుస్తానంటే టైము లేదన్నాడు. రైల్లో వెళ్తున్నారంట. మధ్యాహ్నం మౌలాలి మీదుగా పోతుందంట. ఇంజన్ మార్చడానికి ఆగితే ఆగొచ్చు, పాపను తీసుకుని రమ్మన్నాడు."

"గొంతు ఎట్లుందక్కా?"

"జలుబు చేసినట్టుంది. బొంగురుగా ఉంది."

నేను కట్టుకున్న మనిషికి జలుబు చేసిందని ఆమె నోటితో వినవలసి వచ్చింది. ఆయన వస్తున్నాడన్న సంతోషం కంటే ముందు నాకు ఆ మాటే గుచ్చుకుంది.

అన్నకు ఆ రోజు రెండో షిఫ్టు. మమ్మల్ని స్కూటర్ మీద మౌలాలికి తీసుకువెళ్లాడు. రైలు ఆగే ఉంది. నేను అలాంటి రైలును ఎన్నడూ చూడలేదు. గోడలూ కప్పూ లేని వ్యాగన్లు, ఒక్కోదాని మీద ఆకుపచ్చ లారీలు. చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, నాలుగు వైపులా గొలుసులతో బిగించి కట్టారు. చివర పెట్టెలో వంట జరుగుతున్నట్టుంది, పప్పు తాలింపు వాసన వస్తోంది. మమ్మల్ని ఒక సెంట్రీ ఆపాడు. దూరం నుంచి మా ఆయన చూసి, పక్కనున్న హవల్దారుతో ఏదో చెప్పాడు. హవల్దారు రానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

దగ్గరికి వెళ్తే మా ఆయన తన లారీ కింద వంగి ఉన్నాడు.

"జర ఆగు. గొలుసు వదులైంది. ఇది బిగియ్యకుంటే దారిల బండి జరుగుతది."

పాపనెత్తుకుని ఎండలో నిలబడ్డాను. ఆయన ఒక గొలుసు బిగించాడు, లాగి చూశాడు, అటువైపు వెళ్లి ఇంకోటి లాగి చూశాడు. ఆ లారీని అంత ప్రేమగా తడుముతుంటే నాకు ఒళ్లు మండింది. రైలు ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలియదు. ఆ ఉన్న కాసేపట్లో సగం దానికే పోయింది.

చేతులు తుడుచుకుంటూ వచ్చి పాప కోసం చేతులు చాపాడు. అది ఆ గడ్డాన్నీ, మసి చేతులనూ చూసి ఏడుపు మొదలుపెట్టింది. నా మీద నుంచి వంగి వెనకనున్న అన్న మెడ పట్టుకుంది. అన్న దాన్ని ఎత్తుకోక తప్పలేదు. భుజం మీద వేసుకోగానే ఏడుపు ఆపింది.

మా ఆయన చాపిన చేతులు దించుకున్నాడు.

"అన్నకు మంచిగ అలవాటైంది," అన్నాడు.

"చిన్నపిల్ల కదా తమ్ముడూ, ఈ యూనిఫారం చూసి భయపడింది," అన్నాడు అన్న.

మా ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఆయన అన్న వైపు చూసిన చూపు నాకు కొత్త కాదు. రోజూ సాయంత్రం ఆ స్కూటర్ హారన్ వింటూ నేను చూసే చూపు అది.

"ఎక్కడికి పోతున్రు?" అని అడిగాను.

"చెప్పొద్దు. మాకు గూడ పూర్తిగ చెప్పలే. పాప పైలం."

ఇంజన్ కూత వేసింది. ఆయన పరుగెత్తి మనుషుల పెట్టె ఎక్కాడు. నేను కొంగులో కట్టి తెచ్చిన జలుబు మాత్రలు ఇవ్వడం మరిచిపోయాను.

యుద్ధం రాలేదు. మళ్లీ చలికాలం దగ్గర పడుతుంటే ఆయన సెలవు మీద వచ్చాడు. పాపను మచ్చిక చేసుకోవడానికి సెలవంతా పట్టింది. అక్కడ ఏం చేశారని అడిగితే, "ఏముంటది, సామాన్లు దించుడు, ఎక్కిచ్చుడు," అనేవాడు.

కొన్నేళ్లకు రిటైరై వచ్చి, పోచారం సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌కు ఉద్యోగుల్ని చేర్చే బస్సు నడపడం మొదలుపెట్టాడు. అప్పటికి మేము ఉప్పల్‌కు మారాము. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజుల్లో, ఆయనతో మిలిటరీలో పనిచేసిన హర్యానా మనిషొకడు ఏదో పని మీద వచ్చి, బందు వల్ల మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఇద్దరూ ముందు గదిలో కూర్చుని హిందీలో మాట్లాడుకుంటూ గట్టిగా నవ్వుకుంటున్నారు. నేను ఛాయ్ తీసుకుని వెళ్లాను. అప్పుడు విన్నాను. ఆ ఏడాది సరిహద్దు దగ్గర ఇసుక దారిలో వాళ్ల కాన్వాయ్ వెళ్తుంటే, ముందున్న లారీ యుద్ధం వస్తుందని మనవాళ్లే పాతిన మైన్ మీదికి ఎక్కిందట. దాన్ని నడుపుతున్నవాడు చనిపోయాడట. ఆ రోజు ఆ లారీ మా ఆయన నడపవలసిందట. ఆఖరి నిమిషంలో మార్చారట.

ఇన్నేళ్లూ నాకు తెలియని సంగతి ఆ మనిషికి తెలుసు. చేతిలో ఉన్న ఛాయ్ వాళ్ల ముందు పెట్టాలనిపించలేదు. పెట్టాను.

బందు ముగిసి ఆ స్నేహితుడు వెళ్లిపోయాక మా ఆయనను అడిగాను.

"నాకెందుకు చెప్పలే?"

"భయపడ్తవని."

"ఆయనతోని నవ్వుకుంట చెప్పుకున్నవ్ గద."

"ఆయన ఆడ ఉండె."

"నేనూ ఈడ ఉంటి. నాకు గూడ చెప్పు."

నన్ను పక్కన కూర్చోమన్నాడు. తర్వాత ఆ చనిపోయిన కుర్రవాడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వాడి ఊరు, వాడి పెళ్లి, వాడు పాడే పాటలు. మధ్యమధ్యలో తెలుగు దొరక్క హిందీ మాటలు వేశాడు. ఒక్కచోట కూడా నవ్వలేదు. ఆ స్నేహితుడి దగ్గర నవ్వినవాడు నా దగ్గర ఏడ్చాడు. రెండింట్లో ఏది ఎక్కువో నేను తేల్చుకోలేదు. కొంగుతో ఆయన మొహం తుడిచి, తర్వాతేమైందని అడిగాను.