రూతు పెద్దమ్మ విననన్న యుద్ధం

ఫోన్ వచ్చేసరికి నేను కూరగాయల బండి దగ్గర టమాటాలు ఏరుతున్నాను.

"అక్కా, అమ్మ పోయింది" అన్నాడు రూతు పెద్దమ్మ చిన్నకొడుకు ప్రసాద్.

"ఏ అమ్మ?" అన్నాను.

తెలిసే అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని.

నిన్నటి నుంచి ఆ టమాటాల సంచి అలాగే పడి ఉంది, ఫ్రిజ్‌లో కూడా పెట్టలేదు.

రూతు పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఖిలా వరంగల్‌లో మా పక్కిల్లు. గోడకు గోడ ఆనుకుని ఉండేది. ఆమెది చర్చి, మాది గుడి. మా ఇంట్లో కూర మాడితే మాత్రం నాకంటే ముందు ఆమెకే తెలిసేది.

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆమె సండే స్కూల్ టీచరమ్మ. నాకు గుర్తొచ్చే పెద్దమ్మ వేరు.

భారతం మొదటిసారి విన్న పెద్దమ్మ.

ఆమెకు కంటి ఆపరేషన్ అయిన కొత్తలో సంగతి. టీవీ చూడొద్దన్నారు. చూడొద్దంటే వింటాను కదా అని మా ఇంటికొచ్చి కూర్చునేది. భారతం సీరియల్ వస్తుండేది. "ఎవరామె? ఎందుకేడుస్తాంది?" అని అడిగేది. ఒకటి చెబితే దానికి ముందు జరిగింది అడిగేది. చివరికి విసిగిపోయి టీవీ కట్టేసి, మొదటి నుంచి నేనే చెప్పడం మొదలుపెట్టాను.

మిషన్ హాస్టల్లో పెరిగిన మనిషి. పేర్లు కొన్ని తెలుసు కానీ కథ వరుసగా ఎవరూ చెప్పలేదట. ఆ పేర్లు కూడా గుర్తుండక అందరికీ వరసలు పెట్టేసింది. పెద్దోడు, నడిపోడు, అత్త, కోడలు. వారం తిరిగేసరికి ఆ రాజవంశం మొత్తం ఆమె సొంతూరు నెక్కొండలోని చుట్టాలైపోయింది.

గుడ్డి రాజును చేసుకుని, తానూ కళ్లకు గంతలు కట్టుకున్న రాణి దగ్గరికి వచ్చాం. నేను గొంతు తగ్గించి, చాలా భక్తిగా చెబుతున్నాను.

పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ కట్టు ఇప్పమను బిడ్డా. నాకు దవాఖానల ఒక్కనాడు కడితెనే చాయ్ గ్లాసు దొరకలే. ఆమెకు గంత మంది పిల్లలు. ఇంట్ల ఒక్కరికన్న కండ్లు ఉండొద్దా? ఎవడేం చేస్తాండో చూసేదెవరు?"

ఇప్పటికీ ఆ రాణి బొమ్మ ఎక్కడ కనిపించినా నాకు ముందు చాయ్ గ్లాసే గుర్తొస్తుంది.

కోడల్ని సభలోకి ఈడ్చుకొచ్చిన ఘట్టం విన్న రోజు ఆమె అన్నం తినలేదు. "పెద్దమనుషులంత కూసునే ఉన్నరా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. వాళ్ల తరఫున నేను సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత, పెళ్లి కాకముందు పుట్టిన బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలేసిన తల్లి కథ చెప్పాను. ఆ బిడ్డ పెద్దవాడై ఒక వైపు నిలబడ్డాడు. మిగతా కొడుకులు ఇంకో వైపు. రేపో మాపో యుద్ధం. వాడు తమ అన్న అని తమ్ముళ్లకు తెలియదు.

పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, ఆపరేషన్ గుర్తొచ్చి ఆగింది.

ఆ వారమే వాళ్లింట్లో ప్రార్థన కూడిక. ఎవరికైనా ప్రార్థన అవసరాలుంటే చెప్పమన్నారు పాస్టర్ గారు. ఒకామె మోకాళ్ల నొప్పులు చెప్పింది, ఇంకొకామె కొడుకు ఎగ్జామ్ చెప్పింది. గోడకు ఇవతల నేను పచ్చిమిర్చి తొడిమలు తీస్తున్నాను.

పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఒక తల్లి ఉన్నది అయ్యగారూ. పెండ్లికి ముందు పుట్టిన కొడుకును నీళ్లల్ల ఇడిచిపెట్టింది. గిప్పుడు కొడుకులు ఒకని మీద ఒకడు లేస్తాండ్లు. ఎవలకూ చెప్పుకోలేకపోతాంది. ఆమె కోసం ప్రార్థన చేయుండ్రి."

చేశారు. పాస్టర్ గారు గొంతు జీరబోతుంటే చేశారు. అందరూ ఆమేన్ అన్నారు.

నేను మిర్చి చేత్తోనే నోరు మూసుకున్నాను. మూతి ఎంతసేపు మండిందో నాకే తెలుసు.

మళ్లీ వారం ఆయన వాకిట్లోనే అడిగారు. "ఆ సోదరి ఎట్లున్నదమ్మా?"

పెద్దమ్మ తడుముకోలేదు. "కొట్లాట ఇంక మొదలు గాలే అయ్యగారూ."

ఆయన వెళ్లాక పట్టుకున్నాను. "కథల మనిషికి ప్రార్థనేంది పెద్దమ్మా?"

"కష్టం ఇన్నంక ఊకోవద్దు బిడ్డా. మాకు గదే అలవాటు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆమె కొడుకులు సుధాకర్, ప్రసాద్ తండ్రి పోయాక ఇంటి జాగ దగ్గర మాటా మాటా అనుకుని మాట్లాడుకోవడం మానేశారు. క్రిస్మస్‌కు ఒకడు పొద్దున వస్తే, ఇంకొకడు సాయంత్రం వచ్చేవాడు. ఆమె కేకు రెండుసార్లు కోసేది.

యుద్ధం చెప్పబోతే ఆపేసింది.

"ఇక్కడ్నే ఆపు. నా కొడుకులు ఒక్క దగ్గర కూసున్ననాడు మిగిలింది చెప్పు, వింట."

నేను హనుమకొండకు ఇల్లు మారాక కూడా ఫోన్‌లో ఆటపట్టించేదాన్ని. "ఇంక చెప్పాల్నా పెద్దమ్మా?" "ఇప్పుడే వద్దు బిడ్డా" అని నవ్వేది. ఆ నవ్వులో ఎంత బాధ ఉండేదో.

ఈ రోజు పొద్దున సమాధుల తోటలో పెట్టెకు ఈ పక్క ఒకడు, ఆ పక్క ఒకడు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అందరం పిడికెడు మట్టి వేశాం.

జనం పలచబడ్డాక ప్రసాద్ వచ్చాడు. "అక్కా, అమ్మకు కథ ఎక్కడి దాక చెప్పినవ్?"

"నీకెట్ల తెలుసు?"

"ఫోన్ చేసినప్పుడల్ల గదే ముచ్చట. మీరిద్దరు కూసుంటెనే మిగిలింది వింట అనేది."

వెనక నుంచి సుధాకర్ అన్నాడు, "నాకు గూడ గట్లనే చెప్పింది."

ఆ మాట నాతో అన్నది కాదు. చాలా ఏళ్ల తర్వాత తమ్ముడితో అన్నది.

అక్కడ చర్చి వాళ్లు తెచ్చిన బెంచీ ఉంది. సుధాకర్ కూర్చున్నాడు. కాసేపటికి కొంచెం జరిగాడు. ప్రసాద్ వెళ్లి ఆ జాగాలో కూర్చున్నాడు.

"చెప్పు అక్కా. తర్వాత ఏమైంది?"

వాళ్లకు తెలియని కథేం కాదు. అయినా చిన్నపిల్లల్లా నా వైపు చూస్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

"కొట్లాట ఇంక మొదలు గాలే" అన్నాను.

పెద్దమ్మా, నీ పిల్లలు ఒక్క దగ్గర కూర్చున్నారు. నేను చూశాను.

ఇంక ఏ ఫికర్ పెట్టుకోకు. నెమ్మదిగా నిద్రపో.