మెల్లగ నడువు

నిన్న నా బిడ్డ కాలేజీ హాస్టల్‌ల ఉంటనని లొల్లి పెట్టింది. నేను వద్దన్న. అలిగి, సంచి భుజానికేసుకొని మెట్లు దిగవట్టింది. దిగుడు దిగుతుంది గని, ఒక్కో మెట్టు మీద ఆగుకుంట. ఆ నడక నాకు ఎరుకే.

చిన్నప్పుడు అమ్మ నన్ను గాజులకని లాడ్ బజార్‌కు తోల్కపోయింది. గల్లీ అంత నిప్పుల మీద కరిగే లక్క వాసన. పచ్చగాజులు నా చేతికి సక్కగ పట్టినయ్. దుకాణపాయనతోటి ధర మాత్రం కుదరలేదు. అమ్మ వాటిని తీసి పెట్టేసి లేచింది. ఇగ గాజులు లేనట్టే అనుకొని నేను ఏడ్సుకుంట ముందరికి ఉరికిన. అమ్మ నా రెక్క పట్టి ఆపి, చెవుల చెప్పింది.

"మెల్లగ నడువు బిడ్డా. గట్ల ఉరికితే ఆయన మనల్ని పిలిచేదెట్ల?"

రెండు దుకాణాలు దాటకముందే వెనుకనుంచి కేక.

"ఆవో అమ్మా, ఆవో! నీ మాట వద్దు, నా మాట వద్దు. నడుమ రేటుకు తీస్కపో."

నిన్న నా బిడ్డ ఆఖరి మెట్టు మీద చెప్పులేసుకుంట మస్తు సేపు నిలబడ్డది. నేను పైనుంచి వంగి పిలిచిన.

"రా బిడ్డా. నీ మాట వద్దు, నా మాట వద్దు. కూసొని మాట్లాడుకుందం."

వచ్చేటప్పుడు రెండేసి మెట్లు ఎక్కుకుంట వచ్చింది.